పరుగు తగ్గితే, పరుగు పెరిగితే



2016 జూన్. అమెరికాలో ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్ ఫైనల్స్. ముందుగా నాలుగు ఆటలు గెలిచినవారే విజేతలు. తొలి ఆట ఓడిన క్లీవ్‌లాండ్ కావలియర్స్ జట్టు రెండో ఆటలోనూ గోల్డెన్ స్టేట్ వారియర్స్ చేతిలో 33 పాయింట్ల తేడాతో చిత్తయింది. మూడు రోజులు తిరిగేసరికి సొంత ఊళ్ళో అదే ప్రత్యర్థిని 30 పాయింట్ల తేడాతో ఓడించింది! మూడు రోజుల్లో ఎవరికీ కొత్త విద్య రాదు. పెరిగింది కష్టపడటమేనని నా నమ్మకం. బంతి చేజారగానే వెనక్కి పరిగెత్తడం, బుట్టలో పడక తిరిగొచ్చే బంతి (రీబౌండ్) కోసం పెనుగులాడటం, ఇవన్నీ మనసు పెడితేనే జరిగే పనులు.

నాలుగో ఆట మళ్ళీ ఓడారు. 3-1 వెనుకబాటు నుంచి ఫైనల్స్ గెలిచిన జట్టు అప్పటికి ఒక్కటీ లేదు.

అప్పుడు క్లీవ్‌లాండ్ ఆటగాడు లెబ్రాన్ జేమ్స్ భారం నెత్తికెత్తుకున్నాడు. ఐదో ఆటలో 41 పాయింట్లు, ఆరో ఆటలో మళ్ళీ 41. ఐదో ఆటలో సహచరుడు కైరీ అర్వింగ్ కూడా 41 సాధించాడు. ఏడో ఆటలో స్కోరు 89-89. రెండు నిమిషాలైనా మిగల్లేదు. వారియర్స్ ఆటగాడు ఇగుడాలా బంతిని బుట్టలో వేయబోతుంటే, లెబ్రాన్ వెనుక నుంచి మెరుపులా వచ్చి, ఎగిరి అడ్డుకున్నాడు. నాయకత్వమంటే నాకు ఆ పరుగే గుర్తొస్తుంది. కాసేపటికి అర్వింగ్ మూడు పాయింట్ల షాట్ వేశాడు.

క్లీవ్‌లాండ్ 93-89తో గెలిచింది. ప్రధాన క్రీడల్లో ఆ నగరానికి 52 ఏళ్ళ తర్వాత దక్కిన తొలి టైటిల్ అది.