పెరటిలో పూలచెట్టు: ఏది నాటవలెను?



ఈ దినమున పైరుల సంగతి కాక పెరటి సంగతి చెప్పదలచితిని. ఇంటిముందు ఏ పూలచెట్టు నాటవలెనని పలువురు అడుగుచున్నారు. కోరిక మంచిదే. కాని నర్సరీలో మూరెడు మొక్కకు పూసిన పూవును చూచి కొనుట పొరపాటు. పదేండ్లకు అది ఎంత చెట్టగునో, దాని క్రింద ఎవరు మసలుదురో ఆలోచించి కొనవలెను.

ఎర్ర తురాయిని చూడుడు. వేసవిలో దాని అందము చెప్పనలవి కాదు. కాని కొమ్మలు పెళుసు, గాలివానకు విరిగిపడును. వేళ్ళు పైపైనే ప్రాకి అరుగులను, గోడలను పగులగొట్టును. అది విశాలమైన బయళ్ళకు తగిన చెట్టు, నాలుగు సెంట్ల దొడ్డికి కాదు.

ఇక పచ్చగన్నేరు. నీరు అంతగా పోయకున్నను బ్రతుకును, చాలకాలము పూయును. అందుచేతనే చాల ఇండ్లలో కనబడును. దాని గింజలలోని విషము గుండెపై పనిచేయును. పిల్లలు ఆ కాయలతోనే ఆడుకొందురు! ఎర్రగన్నేరు ఆకు పచ్చిదైనను, ఎండినదైనను పశువులకు ప్రాణాంతకము. కత్తిరించిన కొమ్మలను పాక ప్రక్కన పడవేసితిమా, దూడ మేసిన పిమ్మట విచారించి ఫలము లేదు. పసిపిల్లలు, పశువులు గల ఇంట ఈ రెండును వలదని నా గట్టి అభిప్రాయము. పిల్లలెవరైన గింజ తిన్నచో నాటువైద్యముతో కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను.

మరి ఏది నాటవలెను? నన్నడిగినచో పారిజాతమందును. పెరటిలో సాధారణముగా 10, 15 అడుగుల చెట్టగును. వానకాలము చివర మొదలై చలికాలము వరకు పూయును. సాయంకాలము విచ్చిన పూలు తెల్లవారునప్పటికి రాలును. చెట్టెక్కి కోయు పని లేదు. ఆ పూల నారింజరంగు కాడలతో పూర్వము పట్టుబట్టలకు రంగు వేసెడివారు. దీనికి ఎండ కావలెను, మొదట నీరు నిలువరాదు. నల్లరేగడిలో అయినచో మట్టి ఎత్తుచేసి నాటుడు.

నీటి ఎద్దడి గల ఊళ్ళకు దేవగన్నేరు మేలు. మూరెడు కొమ్మ కోసి, పాలు ఆరునట్లు వారము దినములు నీడనుంచి నాటినచో వేరూనును. చలికాలమున ఆకు రాల్చును, చచ్చినదనుకొని పెరికివేయకుడు. పేరులో గన్నేరున్నను ఇది వేరు చెట్టు. అయినను దాని పాలు కంటబడనీయరాదు.

తొలకరిలో 2 అడుగుల గొయ్యి త్రవ్వి, పైమట్టిలో బాగుగా చివికిన పశువుల ఎరువు కలిపి నింపి నాటవలెను. గోడకు 10 అడుగుల ఎడముండవలెను. కరెంటు తీగల క్రింద వలదు. పారిజాతము కొత్త రెమ్మలపై పూయును గనుక పూత ముగిసిన పిమ్మటనే కొమ్మలు కత్తిరించుడు. వానకాలము నడుమ కత్తిరించినచో ఆ యేటి పూలు తగ్గిపోవును.