చేతితో నేర్చు చదువు

(షోలాపురమున మన పాఠశాల వార్షికోత్సవ సందర్భమున జరిగిన తల్లిదండ్రుల సభలో సంఘము పక్షమున చేసిన ప్రసంగము)



ప్రతి సంవత్సరము ఈ వేదికపైనుండి మేము పరీక్షా ఫలితములను గూర్చియు, భవన నిధిని గూర్చియు ముచ్చటించుట పరిపాటి. ఈ దినమున మాత్రము మేము చేసిన ఒక పొరపాటును మీ యెదుట ఒప్పుకొని, దానివలన నేర్చుకొన్నదానిని మీకు విన్నవింపదలచితిమి.

రెండేండ్ల క్రిందట, మన పాఠశాలలో చదివి పన్నెండవ తరగతి ముగించిన ఒక బాలిక తండ్రి మా కార్యాలయమునకు వచ్చెను. ఆయన మరమగ్గముల కార్ఖానాలో పనిచేయువాడు. “మా అమ్మాయి డిజైను కళాశాలలో చేరెదనని పట్టుపట్టుచున్నది. మీరు నాలుగూళ్లు తిరిగినవారు. ఏమి చేయుమందురు?” అని అడిగెను. మేము పెద్దమనుష్యులవలె తల పంకించి, “బొమ్మలు గీయుటకు నాలుగేండ్ల చదువెందుకు? మార్కులు రానివారు పోవు దారి యది. ఇంజనీరింగులోనో, బి.కాం.లోనో చేర్పింపుము” అని సలహా చెప్పితిమి. ఆ తండ్రి మా మాట వినలేదు; అప్పు చేసి కూతురిని చేర్పించెను. ఆయన వినకుండుటయే మేలైనదని నేడు మేము చెప్పవలసియున్నది.

గడచిన వేసవి సెలవులలో ఆ బాలిక మొదటి సంవత్సరము పూర్తిచేసికొని వచ్చి, తాను చేసిన పనులనన్నింటిని ఒక పెద్ద అట్టపెట్టెలో తెచ్చి మా యెదుట పరచెను. మేము రెండు గంటలు కూర్చుండి చూచితిమి. చూచినదానిని ఉన్నదున్నట్లు మీకు చెప్పెదము.

డిజైను అనగా రూపకల్పన. ఒక వస్తువు ఎవరికొరకు, ఏ పనికొరకు, ఏ పదార్థముతో, ఏ ఖర్చులో, ఎట్టి ఆకారమున నుండవలెనో ఆలోచించి నిర్ణయించుట. వస్త్రములు, గృహోపకరణములు, పుస్తకములు మున్నగు ఏ శాఖకు పోవువారైనను మొదటి సంవత్సరమున పునాది పాఠములను నేర్వవలెను. వీనిలో వల్లెవేయునది స్వల్పము. చేతితో చేయునది అధికము.

మొదటి వారమున ఇచ్చిన పని గీతలు గీయుట. కొలబద్ద లేకుండ, పెద్ద కాగితముపై ఈ అంచునుండి ఆ అంచునకు తిన్నని గీతలను, ఒకదాని ప్రక్కనొకటిగా, ఎడము చెడకుండ గీయవలెను. ఆమె మొదటి కాగితములోని గీతలు గాలికి ఊగు దారములవలె నుండెను. తేదీలు వేసిన ఆ కాగితములను వరుసగా తిప్పుచు పోగా, నలుబదవ కాగితమునాటికి గీత నిలిచినది. మణికట్టుతో గీసిన గీత వంకరపోవుననియు, భుజమునుండి చేయినంతయు కదల్చి గీసినది తిన్నగా వచ్చుననియు ఎవరును ముందుగా చెప్పలేదట. చేయియే దానిని కనిపెట్టినది.

రెండవది రంగుల పని. తెలుపునుండి నలుపునకు పది మెట్లు దింపవలెను. వినుటకు సులభము. కాని మధ్యనున్న నాలుగైదు మెట్లలో ఏది ముందో ఏది వెనుకయో కన్ను మోసపోవును. పైగా తడిగా నున్నప్పటి ఛాయ ఆరిన పిదప మారును. ఈ ఒక్క పనికి ఆమెకు పదునొకండు రాత్రులు పట్టినవి. అటుపిమ్మట ఒకే రంగును రెండు వేరు వేరు రంగులుగా కనబడునట్లు చేయుమనిరి. తరగతిలో పలువురు తికమకపడుచుండగా ఈ బాలిక వెంటనే చేసి చూపెనట. ఎట్లు చేసితివని మేమడుగగా, “మన చద్దరులలో ఒకే పసుపు నూలు ఎరుపు ప్రక్క ఒక విధముగను, తెలుపు ప్రక్క మరియొక విధముగను కనబడును గదా! నాకు చిన్నప్పటినుండి తెలిసినదే” అని నవ్వెను. జోసెఫ్ ఆల్బర్స్ అను చిత్రకారుడు ఈ విషయముపైననే 1963లో ఒక గొప్ప గ్రంథమును ప్రకటించెను. దానిలో చెప్పిన సంగతి మన పిల్లలు ఆడుకొను గుమ్మములలోనే యున్నదని మాకు తోచినది.

మూడవ పని కాగితముతో. ఒక మందపు కాగితమును మాత్రమే ఇచ్చి, జిగురు లేకుండ, జానెడెత్తున ఇటుకలను మోయునట్లు నిలుపుమనిరి. ఆమె మొదట చేసినది ఒక్క ఇటుకకే తరగతి యందరియెదుట కూలిపోయినది. ఆమెకు కన్నీరు వచ్చినది. అప్పుడు ఉపాధ్యాయుడు ఆమెను మందలింపలేదు, ఓదార్పను లేదు; “అది మొదట ఎక్కడ వంగినదో చూచితివా?” అని మాత్రము అడిగెను. ఆమె చూడలేదు. మరల చేసి, మరల కూల్చి, ఈసారి చూచెను. చదునుగా నున్న కాగితము తన బరువునకే వంగును. దానినే విసనకఱ్ఱవలె మడతలు పెట్టినచో, మడత మడతకును లోతు ఏర్పడి వంగుటకు లొంగదు. మడతలు పెట్టిన కాగితమును గుండ్రముగా త్రిప్పి, అంచునొకదానినొకటిలో దోపి నిలుపగా అది ఏడు ఇటుకలను మోసినది. ఆ కూలిన కాగితములను కూడ ఆమె పారవేయలేదు. వానిని సైతము మార్కులకు చూపవలెనట! కూలినదానిని దాచక చూపుమను చదువును మేము ఇదివరలో చూచి యుండలేదు.

నాల్గవదియే మమ్ము మిక్కిలి కదల్చినది. ఇంటిలో వాడుకలోనున్న ఒక పనిముట్టును ఎన్నుకొని, ఒక మాసము పరిశీలించి, కొలిచి, మూడు వైపులనుండి గీసి, దానికి ఆ రూపమే ఎందుకు వచ్చినదో వివరింపవలెను. తోటివారు కత్తెరను, చెంచాను, సీసా మూతను ఎన్నుకొనిరి. ఈమె సెలవులకు వచ్చి, అటకపై పడియున్న తాతగారి నాడెను దింపెను. తాతగారు గుంటమగ్గముపై నేసినవారు. ఆ మగ్గము పోయి ముప్పది యేండ్లైనది. ఇంటిలో ఎవరును ఆయనను మగ్గమును గూర్చి అడిగిన దినము లేదు. మనుమరాలు కొలత పట్టుకొని కూర్చుండగా ఆ వృద్ధుడు నాడెను చేతిలోనికి తీసికొని, “బిడ్డా, నాడె బరువుంటె పడుగు తెగుతది, తేలికుంటె నడిమిట్ల ఆగుతది” అని మొదలుపెట్టి ఆ రాత్రి పదిగంటలవరకు చెప్పుచుండెనట.

నాడె రెండు కొనలును ఎందుకు సన్నగిలినవి? పడుగు దారముల నడుమ చొచ్చుకొని పోవుటకు. ఒంటి నునుపెందుకు? ఒక్క పోగైనను తగులుకొనకుండుటకు. కడుపు బోలుగా ఎందుకున్నది? అందు కండె కుదురుకొని, ప్రక్కనున్న చిన్న కంటినుండి పేక విడివడి వచ్చుటకు. ఇంగ్లండులో జాన్ కే యనునతడు 1733లో త్రాడు లాగిన తనంతట పరుగెత్తు నాడెకు పేటెంటు పొందిన పిదప, ఒక్క నేతగాడే వెడల్పు గుడ్డను వేగముగా నేయగలిగెను. ఒక చిన్న కొయ్య ముక్కలో ఇంత ఆలోచన దాగియున్నది.

ఆమె తన పటములపై భాగముల పేర్లు వ్రాయవలసి వచ్చినప్పుడు, ఆంగ్లమున కొన్నియే తెలిసినవి. పడుగు, పేక, కండె, నాడె అని తెలుగులోనే వ్రాసి, జంకుచు తీసికొనిపోయెను. ఉపాధ్యాయుడు ఆ మాటలను తుడువనీయక, ఒక్కొక్కదానిని పలికించుకొని, తాతగారు చెప్పినదానిని తరగతికి వివరింపుమనెను. మన మాతృభాష బిడ్డల పైచదువునకు అడ్డమని భయపడు తల్లిదండ్రులు మనలో కలరు. ఆ దినమున ఆ తరగతిలో ఆ బాలికకున్న ఆస్తి ఆ మాటలే.

ఈ విధమైన చదువు నిన్న మొన్న పుట్టినది కాదు. జర్మనీలో వైమార్ నగరమున వాల్టర్ గ్రోపియస్ 1919లో బౌహౌస్ అను పాఠశాలను స్థాపింపగా, అందు యోహానెస్ ఇట్టెన్ ప్రారంభ పాఠములను ఏర్పరచెను. పిదప ఆ పాఠములు చెప్పిన ఆల్బర్స్ విద్యార్థులకు కాగితము మాత్రమిచ్చి, ఏమియు వ్యర్థము కాకుండ దానినుండి రూపములను సాధింపుమనెడివాడు. నాజీల యొత్తిడికి 1933లో ఆ పాఠశాల మూతపడినను, దాని పద్ధతి దేశదేశములకు వ్యాపించినది. మన దేశమునకు భారత ప్రభుత్వాహ్వానముపై వచ్చిన చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ దంపతులు 1958లో సమర్పించిన నివేదికలో, తాము చూచి మెచ్చిన వస్తువులలో మన చెంబునకు ఉన్నతస్థానమొసగిరి. నీరెంత పట్టవలెను, తలపై మోతురా నడుముపై మోతురా, నిండినప్పుడు తూకమెట్లుండును, వంచినప్పుడు ధార యెట్లు పడును, ఖరీదెంత యని ప్రశ్నలు వేసి, తరతరముల జనులు కలిసి దానికా రూపమిచ్చిరని చెప్పిరి. ఆ నివేదిక ఫలముగా 1961లో అహమ్మదాబాదున జాతీయ డిజైను సంస్థ యేర్పడెను. 2015లో ఆంధ్రప్రదేశమునను అట్టి సంస్థ యారంభమైనది.

మన కులవృత్తిలోనే మరియొక నిదర్శనమున్నది. నేటి యాదాద్రి భువనగిరి జిల్లాలోని శారాజీపేట వాస్తవ్యులు చింతకింది మల్లేశంగారు బడి చదువు మధ్యలో మానినవారు. పోచంపల్లి చీరలకు ఆసు పోయుటలో తల్లి లక్ష్మిగారు చీరకు వేలకొలది మారులు చేయి త్రిప్పి భుజము నొప్పితో బాధపడుట చూచి, ఏండ్ల తరబడి శ్రమించి 1999లో ఆసు యంత్రమును సిద్ధము చేసిరి. దానికి తల్లి పేరే పెట్టిరి. 2017లో పద్మశ్రీ పొందిరి. వారికి ఏ కళాశాలయు ఈ పాఠము చెప్పలేదు. ఎక్కడ నొప్పి యున్నదో చూచి, చేసి, చెడి, మరల చేసిరి. కాగితము ఎక్కడ వంగినదని అడిగిన ఉపాధ్యాయుడు నేర్పునదియు ఇదియే.

ఇక ఈ మార్గము పూలబాట యని మేము చెప్పము. ప్రభుత్వ సంస్థలలో స్థానములు తక్కువ, పోటీ యెక్కువ. ప్రైవేటు కళాశాలలలో రుసుము మన కార్మిక కుటుంబములకు మోయరానిది. ఫలకము చూచి మోసపోవలదు, గుర్తింపు విచారించి చేరుడు. రంగులకు, కాగితములకు, నమూనాలకు అయ్యెడి ఖర్చు వేరు. రాత్రులు నిద్ర యుండదు. ఆ బాలిక తండ్రి అప్పు ఇంకను తీరలేదు. చదువు ముగిసిన వెంటనే ఉద్యోగము సిద్ధముగా నుండునని కూడ మేము మాట యీయజాలము. అయినను ఒక్క మాట. జాతీయ డిజైను సంస్థ ప్రవేశపరీక్షకు పన్నెండవ తరగతిలో ఏ శాఖ చదివినవారైనను అర్హులే. అందు ప్రాథమిక పరీక్ష దాటినవారికి చేతిపని పరీక్షయు నుండును. అది మన పిల్లలకు కొత్తది కారాదు.

కావున తల్లిదండ్రులకు మా మనవి. బిడ్డ పాత గడియారమును విప్పినప్పుడు వెంటనే కోపపడవలదు. తిరిగి బిగింపుమని కూర్చుండబెట్టుడు. కార్ఖానాకు సెలవుదినమున ఒకమారు తోడ్కొనిపోయి మీ పనిని చూపుడు. మన పనియేమి చూపదగినదని సిగ్గుపడవలదు. అవ్వ తాతలు ఎరిగిన పనిముట్ల పేర్లను తెలుగులో వ్రాయించుడు. సంఘము పక్షమున మేమును ఒక మాట యిచ్చుచున్నాము. వచ్చు సంవత్సరమునుండి వారమునకొక గంట మన పాఠశాలలో చేతిపని తరగతి జరుగును. ఒక గుంటమగ్గమును సంపాదించి ఆవరణలో నిలుపుటకు యత్నించెదము. ఆ బాలిక తాతగారు మొదటి పాఠము చెప్పుటకు అంగీకరించిరి.

రెండేండ్ల క్రిందట మా కార్యాలయమునకు వచ్చిన ఆ తండ్రి ఈ సభలో కడపటి వరుసలో కూర్చుండియున్నారు. వారికి నాడు మేము చెప్పిన సలహాను ఈ సభాముఖమున ఉపసంహరించుకొనుచున్నాము. ఇకముందు ఏ తండ్రియైనను, ఏ తల్లియైనను అదే ప్రశ్నతో వచ్చినచో, మేము మొదట బిడ్డ చేసిన పనిని చూపుమని అడిగెదము. చూచిన పిదపనే మాటలాడెదము.