వ్యాపారమునకు తొలి సన్నాహము

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమని మన పెద్దలు చెప్పిన సామెత ఒకటి కలదు. క్రొత్తగా వ్యాపారము పెట్టదలచినవారి ఇంట ఈ సోమలింగము తరచుగా అన్నిటికంటె ముందు పుట్టుచుండును. సరకు ఏదో, కొనువారు ఎవరో, పెట్టుబడి ఎంతో తేలకముందే అంగడికి పేరు కుదురును; పేరు వ్రాసిన బోర్డు వచ్చును; ముహూర్తమునకు పిలువవలసినవారి పట్టీ సిద్ధమగును. ముహూర్తము వలదని నేననను. అయితే ముహూర్తమునకు ముందు చేయవలసిన పని చాల కలదు. అది ఎవరికిని కనబడని పని. ఒక నోటుపుస్తకము, ఒక పెన్సిలు, ఇంటిలో నలుగురు కూర్చుండి నిజము మాటలాడుకొనుటకు ఒక సాయంకాలము, ఇంతమాత్రమే దానికి కావలసిన సామగ్రి. శ్రోతలకు ఈ పూట ఆ పనిని గూర్చి మనవి చేసెదను.

శాస్త్రములు తిరుగవేయుటకు ముందు మా ఇంటి కథ ఒకటి చెప్పెదను. అది నేను సిగ్గుపడవలసిన కథ కూడ.

మా అక్కయ్య కాపురము కాకినాడలో. 2018లో బావగారు జబ్బుపడి ఉద్యోగము మానవలసి వచ్చినది. ఇద్దరు పిల్లల చదువు మధ్యలో ఉన్నది. అక్కయ్య చేతి ఆవకాయకు మా బంధువులలో పేరు కలదు. “ఇంత రుచి బజారులో ఎక్కడ దొరుకుతుంది? అమ్మితే చాలు, ఎగబడి కొంటారు” అని అందరమును అంటిమి. నేను అందరికంటె గట్టిగా అంటిని. అక్కయ్య తన రెండు బంగారు గాజులు తాకట్టు పెట్టి 40,000 రూపాయలు తెచ్చినది. కాయలు, కారము, ఆవపిండి, ఉప్పు, నువ్వులనూనె, జాడీలు, సీసాలు, కాటా అన్నిటికిని 38,000 రూపాయలైనవి. అరకిలో సీసాలు 240 తయారైనవి. సీసా వెల 200 రూపాయలు.

ఆ సంవత్సరము దీపావళి వెళ్లిన తరువాత అక్కయ్య లెక్క చూచినది. ముప్పది సీసాలకు బూజు పట్టినది. కాయ తుడుచుటలో ఎక్కడో తడి మిగిలినది. తక్కిన 210 సీసాలును వెళ్లిపోయినవి. కాగితముమీద చూచిన 42,000 రూపాయల అమ్మకము, నాలుగువేలు లాభము. పెట్టె తెరచి చూచిన అందులో 28,000 రూపాయలే ఉన్నవి. డబ్బిచ్చి కొన్న సీసాలు 140. డెబ్బది సీసాలు అరువు. “నీకు ఇవ్వకపోతామా” అన్న చుట్టములు, ఇరుగుపొరుగు, “జీతాలు రాగానే పంపుతా” అన్న స్నేహితులు. పుస్తకములో లాభము, పెట్టెలో నష్టము.

నేను వెళ్లినప్పుడు అక్కయ్య ఆ అరువు పట్టీ నా చేతికిచ్చినది. “చూడు తమ్ముడూ, నువ్వు చదువుకున్నవాడివి. దీన్ని ఏం చెయ్యాలో చెప్పు” అన్నది. పట్టీలో మొదటి పేరు నాది. ఆరు సీసాలు. అక్కయ్య నన్ను ఒక్క మాట అనలేదు. నేను ఆ రాత్రియే డబ్బు చెల్లించితిని. ఆమె గాజులు మాత్రము అప్పటికి ఇంకను తాకట్టులోనే ఉండెను.

ఈ కథలో రుచికి లోపము లేదు. కష్టమునకును లోపము లేదు. లోపించినది సన్నాహము. అందులో మూడు భాగములు కలవు: కొనువాడెవడో తెలిసికొనుట, లెక్క కట్టుట, డబ్బు ఎంతకాలము చిక్కుబడునో చూచుకొనుట.

మొదటి విషయము. మన ఇంట భోజనము చేసి మెచ్చుకొన్నవాడు అతిథి. జేబులోనుండి డబ్బు తీసి ఇచ్చినవాడు కొనుగోలుదారు. వీరిద్దరును ఒక్కరు కారు. చుట్టముల మెచ్చుకోలు చూచి పెట్టుబడి పెట్టరాదు. ముందుగా ఇరువది ముప్పది సీసాలు మాత్రమే చేసి, మన ముఖమెరుగనివారికి, పూర్తి వెలకు, రొక్కమునకు అమ్మి చూడవలెను. రెండవసారి వారే వచ్చి అడిగిరా? అడిగిన ఎన్ని రోజులకు అడిగిరి? ఈ రెండు ప్రశ్నలకు వచ్చిన జవాబు వంద పొగడ్తలకంటె విలువైనది. ఇంట గెలిచి రచ్చ గెలువుమందురు. వ్యాపారములో మాత్రము రచ్చలో చిన్న పరీక్ష నెగ్గిన తరువాతనే ఇంటిలోని సొమ్ము కదపవలెను.

రెండవది లెక్క. ఖర్చులు రెండు జాతులు. సరకు చేసిన కొలదిని పెరుగునవి కొన్ని: కాయ, కారము, నూనె, సీసా, చేతికూలి. సరకు చేసినను మానినను తప్పనివి కొన్ని: గది అద్దె, కరెంటు, అప్పు వాయిదా. ఉదాహరణకు సీసా వెల 200 రూపాయలు, దానిలోని సరకుకు, కూలికి 140 రూపాయలు అనుకొందము. సీసాకు మిగులునది 60. నెలకు తప్పని ఖర్చు 6,000 అయినచో నూరు సీసాలు అమ్మినగాని ఖర్చులు కూడిరావు. లాభము నూట ఒకటవ సీసాతో మొదలగును.

ఇక ఎవరో వచ్చి “పదో వంతు తగ్గించండి, ఎక్కువ కొంటాం” అందురు. పదవ వంతు తగ్గించిన వెల 180, మిగులు 40. అప్పుడు నూరు చాలవు, నూటయాబది సీసాలు అమ్మవలెను. అంగడివాడు తన భాగముగా ఐదవ వంతు అడిగినచో మిగులు 20. అప్పుడు మూడువందల సీసాలు కావలెను! వెలలో తగ్గినది ఐదవ వంతు, పని మూడురెట్లైనది. ఈ చిన్న గుణకారము ముందు చేసికొనక పెక్కుమంది ఎంత అమ్మినను చేతిలో ఏమియు నిలువలేదని విచారింతురు. మరియొక మాట. ఇంటి ఆడవారు తమ కష్టమునకు కూలి కట్టుకొనరు. అది పొరపాటు. రేపు పని పెరిగి మరియొకరిని పెట్టుకొనవలసి వచ్చిన నాడు ఆ కూలి ఎక్కడనుండి వచ్చును? మొదటినాటినుండియే తమ కూలి తాము లెక్కలో వ్రాసికొనవలెను.

మూడవది డబ్బు చిక్కుబడుట. ఇది ఆవకాయలో స్పష్టముగా కనబడును. మిరపపంట మార్కెటుకు వచ్చునది వేసవి తొలిదినములలో. పుల్లని పచ్చికాయ దొరకునది ఏప్రిలు, మే నెలలలో. ఏడాది సరకును ఆ కొద్ది వారములలోనే కొని కలపవలెను. డబ్బంతయు వేసవిలో జాడీలోనికి వెళ్లును; తిరిగి వచ్చుట పన్నెండు నెలలపాటు చుక్కచుక్కగా వచ్చును. కనుక పెట్టుబడిని మూడు భాగములుగా ఆలోచింపవలెను: పనిముట్లకు కొంత, సరకుకు కొంత, చేతిలో మిగుల్చుకొనుటకు కొంత. ఈ మూడవ భాగమును మరచినవారే ఎక్కువ. ఇవిగాక ఆరు నెలల ఇంటి ఖర్చు విడిగా నుండవలెను. బియ్యపు డబ్బును సరకులో కలుపరాదు.

మా కాకినాడ పట్టణము ఈ విషయములో ఒక ప్రసిద్ధ పరిశోధనకు వేదికయైనదని చాలమందికి తెలియదు. అమెరికా దేశమునకు చెందిన మనస్తత్త్వవేత్త డేవిడ్ మెక్‌క్లెలండ్ 1960ల నడుమ హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థతో కలిసి కాకినాడ వ్యాపారస్థులకు ప్రత్యేక శిక్షణ ఇప్పించెను. శిక్షణ పొందినవారు పొందనివారికంటె చురుకుగా క్రొత్త పనులు చేపట్టిరని తేలినది. ఆ ఫలితములు 1969లో గ్రంథముగా వెలువడినవి. ఈయన పరిశోధనలలో ఒక ఆట కలదు. మేకు ఒకటి పాతి, దానిమీదికి వలయములు విసరుమందురు. ఎంత దూరమునుండి విసరవలెనో ఎవరి ఇష్టము వారిది. కొందరు మేకు ప్రక్కనే నిలుతురు. గురి తప్పదు, గెలిచిన గొప్పయు లేదు. కొందరు మిక్కిలి దూరము వెళ్లుదురు. తగిలిన అదృష్టము, తగులకున్న నవ్వులాట. కార్యసాధన యందు కోరిక గలవారు నడిమి దూరమున నిలుతురు. కష్టపడిన తగులుననిపించు దూరమది. వ్యాపారమునకు సాహసము కావలెనందురు. నిజమే. కాని అది కొలిచి నిలుచున్న సాహసము. గాజులు రెండును ఒకేసారి తాకట్టు పెట్టుట చాల దూరమునుండి విసరుట.

కొలిచి నిలుచున్నవారి కథ ఒకటి చెప్పెదను. 1959 మార్చి 15వ తేదీన బొంబాయిలోని గిర్గాములో ఏడుగురు గుజరాతీ స్త్రీలు ఒక మేడపై చేరి అప్పడములు ఒత్తిరి. పెట్టుబడి 80 రూపాయలు. అదియు ఛగన్‌లాల్ కరంసీ పారేఖ్ అను సంఘసేవకుని వద్ద తెచ్చిన అప్పు. మొదటినాడు తయారైనవి నాలుగు పొట్లములు. వర్షములు వచ్చెను, ఎండ లేక నాలుగు నెలలు పని నిలిచెను. మరుసటి ఏడు వారు ఒక మంచము, ఒక స్టవ్వు కొనిరి. మంచముపై అప్పడములు, మంచము క్రింద స్టవ్వు. నాణ్యము తగ్గింపవద్దనియు, లెక్కలు సక్రమముగా వ్రాయుమనియు పారేఖ్ వారికి బోధించెను. అదియే నేడు దేశమంతట తెలిసిన లిజ్జత్ అప్పడముల సంస్థ. నాలుగు పొట్లములతో మొదలుపెట్టినందున వానలో తడిసిన నష్టము వారు భరింపగలిగిరి. మొదటి ఏడాదియే నాలుగువేల పొట్లములు చేసియున్నచో ఏమగునో ఊహించుకొనుడు.

కాగితముల సంగతి క్లుప్తముగా చెప్పెదను. తినుబండారములు చేసి అమ్మువారు, ఇంటిలో చేసినను సరే, 2006 నాటి ఆహార భద్రతా ప్రమాణముల చట్టము క్రింద నమోదు చేసికొనవలెను. ఆ సంఖ్యను, సరకు తూకమును, వెలను, తయారైన తేదీని పొట్లముపై ముద్రింపవలెను. చిన్న సంస్థల కొరకు 2020 జూలై 1 నుండి అమలులోనున్న ఉద్యం నమోదుకు రుసుము లేదు. డబ్బడుగు దళారిని నమ్మవద్దు. ఈ నమోదు ఉన్నవారి సరకు కొని డబ్బు బిగబట్టువారికి 2006 నాటి మరియొక చట్టము 45 దినముల గడువు విధించినది. వస్తుసేవల పన్ను పరిమితి అన్ని రాష్ట్రములకు ఒకటి కాదు. పొరుగు రాష్ట్రమునకు సరకు పంపువారు ఈ విషయమును ముందుగా విచారించుకొనవలెను. 2015లో ఆరంభమైన ముద్ర పథకములో ‘శిశు’ తరగతి క్రింద 50,000 రూపాయలవరకు ఆస్తి పూచీ లేకుండ బ్యాంకులు అప్పిచ్చును. అప్పు దొరకుట అర్హతకు గుర్తు. తీర్చగలమనుటకు గుర్తు కాదు. గ్రామీణ యువతకు బ్యాంకులు నడుపు స్వయం ఉపాధి శిక్షణ సంస్థలలో ఉచితముగా పని నేర్పుదురు. వ్యాపారపు డబ్బుకు బ్యాంకులో విడిగా ఖాతా తెరచుట అన్నిటికంటె సులభము, అన్నిటికంటె మేలు.

ఇక మా అక్కయ్య సంగతి. ఆమె మానలేదు. మరుసటి వేసవిలో అరువై సీసాలే చేసినది. కాయ కడిగి, గుడ్డతో తుడిచి, నీడను ఆరబెట్టి, ముక్క ముక్కను చేతితో తడిమి చూచి కలిపినది. ఏడాదికొక్కసారి కాక నెలనెలా డబ్బు తిరుగుటకు కందిపొడి, కరివేపాకు పొడి చేయసాగినది. రుచి చూపుటకు చిన్న సీసాలు విడిగా పెట్టి, వాని ఖర్చును లెక్కలో వ్రాసినది. వీధి గది తలుపు లోపలివైపున ఒక అట్ట కట్టినది: “అరువు లేదు. తమ్ముడికి కూడా.” వచ్చినవారు అది చదివి నవ్వుదురు, నవ్వుచునే డబ్బు తీయుదురు. కాదని చెప్పుటకు మొగమాటపడు మనిషికి ఆ అట్ట మేలైన గుమాస్తాయైనది. మూడవ సంవత్సరమున గాజులు విడిపించుకొన్నది. ఆమె ధనవంతురాలు కాలేదు. పిల్లల ఫీజులు మాత్రము వేళకు కట్టుచున్నది. బావగారు నోటుపుస్తకము వ్రాయుచున్నారు.

శ్రోతలలో ఎవరైన ఇట్టి ప్రయత్నమున ఉన్నచో బోర్డు వ్రాయించుటకు ముందు ఒక సాయంకాలము ఇంటివారందరును కూర్చుండుడు. నా సరకు ముక్కు మొగము తెలియనివారు రెండవసారి కొనిరా? ఎన్ని అమ్మిన ఖర్చు కూడివచ్చును? డబ్బు ఎన్ని నెలలు చిక్కుబడును? పోయినను ఇల్లు నిలుచునంత మాత్రమే పెట్టుచున్నామా? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబులు నోటుపుస్తకములో అంకెలుగా వ్రాయుడు. జవాబు రానిచోట పని ఆపనక్కరలేదు. పరిమాణము తగ్గించిన చాలును. ఆ తరువాత మంచి పేరు చూచి సోమలింగమని పెట్టుకొన్నను ఎవరును నవ్వరు.

చుట్టములైన మనకు కూడ ఒక ధర్మము కలదు. మన ఇంటివారెవరైన అంగడి తెరచినప్పుడు మొదటి సరకు మనమే కొందము. వెల తగ్గింపుమనక, పూర్తి డబ్బు అప్పుడే చేతిలో పెట్టుదము. ఆశీర్వచనములు ఎన్ని చెప్పినను అంతకు మించిన ఆశీర్వాదము లేదు.