ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు: నాటకం పోస్టర్ ఎలా చదవాలి?

ఏ సినిమాలో ఎవరు హీరో, ఎవరు విలన్ అనే క్యాస్టింగ్ అప్‌డేట్లు మీ ఫోన్‌కి రోజూ వస్తూనే ఉంటాయి. ఈ ఎపిసోడ్‌లో వేరే క్యాస్టింగ్ గురించి మాట్లాడుకుందాం. మన ఊళ్ళో గోడల మీద అతికించే నాటకం క్యాస్టింగ్.

మన వైపు, అంటే జగ్గయ్యపేట, నందిగామ వైపు, నాటకాలకి ఒక సీజన్ ఉంది. వినాయక చవితి పందిళ్ళు, దసరా, సంక్రాంతి, మాఘమాసంలో మునేరు ఒడ్డున పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తల్లి పెద్ద తిరునాళ్ళు, ముక్త్యాలలో శివరాత్రి, ఆ తర్వాత ఊరూరా శ్రీరామనవమి. 2022 ఏప్రిల్ 4 నుంచి మనది ఎన్టీఆర్ జిల్లా అయింది గానీ పెద్దవాళ్ళ నోట్లో ఇంకా కృష్ణా జిల్లా మెట్టే. ఈ మెట్ట ఊళ్ళలో తిరునాళ్ళ రాత్రి అంటే ఒక స్టేజీ ఉండాలి. ఆ స్టేజీ మీద ఈసారి ఏముంటుంది, ఎవరుంటారు అన్నది ముందే చెప్పేది పోస్టర్.

ఆ పోస్టర్ ఒకసారి ఆగి చదవండి. పైన అమ్మవారి బొమ్మో రాముడి బొమ్మో. దాని కింద పెద్ద అక్షరాల్లో "శ్రీకృష్ణ రాయబారం" అనో "సత్య హరిశ్చంద్ర" అనో ఉంటుంది. ఆ కింద అసలు విషయం మొదలవుతుంది. 1వ కృష్ణుడు ఫలానా, 2వ కృష్ణుడు ఫలానా, 3వ కృష్ణుడు ఫలానా. ఒక్కొక్కరి పక్కన చిన్న ఫొటో, ఊరి పేరు. మొదటిసారి చూసినవాళ్ళకి ప్రింటింగ్ తప్పేమో అనిపిస్తుంది. ఒక నాటకంలో ముగ్గురు కృష్ణులేంటి?

తప్పు కాదు. అదే మన పద్య నాటకం పద్ధతి. ఒకే రాత్రి, ఒకే పాత్ర, సీను సీనుకి నటుడు మారతాడు.

రాయబారమే తీసుకుందాం. స్టేజీ మీద ఆడే ఈ నాటకానికి ఆధారం తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు. దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి ఇద్దరూ కలిసి రాశారు. చెళ్ళపిళ్ళ వారు మన పాత కృష్ణా జిల్లా బందరులోనే పంతులుగా పనిచేశారు. ఇందులో మొదట పడక సీను. కృష్ణుడు నిద్ర నటిస్తూ పడుకుని ఉంటే దుర్యోధనుడు తల దగ్గర, అర్జునుడు కాళ్ళ దగ్గర ఉంటారు. ఇక్కడ కృష్ణుడికి కావాల్సింది కొంటెతనం, తీపి గొంతు. తర్వాత రాయబారం సీను. కౌరవ సభలో నిలబడి యుద్ధం వస్తే ఏమవుతుందో చెప్పాలి. ఇక్కడ కావాల్సింది బరువు, హెచ్చరిక. రెండూ ఒకే గొంతులో పలకడం కష్టం. అందుకే కాంట్రాక్టర్ పడకకి ఒకర్ని, సభకి ఇంకొకర్ని పెడతాడు. క్రికెట్ భాషలో చెప్పాలంటే ఓపెనర్ వేరు, ఫినిషర్ వేరు.

హరిశ్చంద్ర కూడా అంతే. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి నాటకం. వారణాసిలో భార్యాబిడ్డల్ని అమ్ముకునే సీనుకి ఒక హరిశ్చంద్రుడు, కాటి సీనుకి ఇంకో హరిశ్చంద్రుడు. ఆ కాటి సీనులో పాడే పద్యాల్లో గుర్రం జాషువా గారి శ్మశాన పద్యాలు కూడా కలిసిపోయాయి. అవి బలిజేపల్లి రాసినవి కావు, జాషువా కావ్యంలోవి. నటులు తెచ్చి పాడారు, జనం వదల్లేదు. అలా నాటకంలో భాగమైపోయాయి.

ఈ "ఒకటో, రెండో" లెక్క ఎలా వచ్చింది? వందేళ్ళ కిందట నాటకాలన్నీ సమాజాలవి. బెజవాడలో మైలవరం జమీందారు అండతో నడిచిన మైలవరం బాలభారతి సమాజం లాంటివి. యడవల్లి సూర్యనారాయణ గారి లాంటి మహానటులు పనిచేసిన కంపెనీ అది. నటులకి జీతం, రిహార్సల్, సొంత తెరలు, సొంత డ్రెస్సులు అన్నీ ఉండేవి. 1932లో తెలుగు టాకీ వచ్చింది. తొలి టాకీ భక్త ప్రహ్లాదలో నటించింది కూడా నాటకాల వాళ్ళే, సురభి వాళ్ళు. సినిమా పెరిగేకొద్దీ సమాజాలు నిలబడలేకపోయాయి. వాటి చోట్లోకి కాంట్రాక్టు నాటకం వచ్చింది. కాంట్రాక్టర్ ఊరి కమిటీతో రేటు మాట్లాడుకుంటాడు, ఒక్కో ఊరి నుంచి ఒక్కో నటుణ్ణి పిలుస్తాడు. సాయంత్రానికి అందరూ వచ్చి మేకప్‌కి కూర్చుంటారు. రిహార్సల్ ఉండదు, ఎందుకంటే నాటకం అందరికీ కంఠతా వచ్చు. పేరున్న ఇద్దరు ముగ్గుర్ని ఒకే పాత్రకి పెడితే జనానికి పోటీ చూసిన మజా, టికెట్టుకి గిరాకీ. పైగా మైకుల్లేని రోజుల్లో తెల్లవార్లూ ఒక్కడే పాడాలంటే గొంతు ఏమవుతుంది?

ఈ పద్ధతి మనకి మాత్రమే ఉన్న విచిత్రం అనుకోకండి. బ్రాడ్‌వేలో బిల్లీ ఎలియట్ అనే మ్యూజికల్ ఆడింది. డ్యాన్స్ నేర్చుకునే పిల్లాడి కథ. ఆ పాత్రని ఒక్క పిల్లాడు రోజూ మోయలేడని ముగ్గురు పిల్లల్ని పెట్టారు. 2009లో బెస్ట్ యాక్టర్ టోనీ అవార్డు ఆ ముగ్గురికీ కలిపి ఇచ్చారు. తేడా ఒకటే. అక్కడ రోజుకొకరు, ఇక్కడ ఒకే రాత్రిలో ముగ్గురు. పాట, సంగీతం, డైలాగు కలిపి ఆడేదాన్ని మ్యూజికల్ అంటే, మన పద్య నాటకం కూడా మ్యూజికలే కదా.

ఇక గొంతుల సంగతి. పాత తరం కృష్ణుల్లో పీసపాటి నరసింహమూర్తి గారు పద్యాన్ని అర్థం తెలిసేలా విడగొట్టి చెప్పేవారు. షణ్ముఖి ఆంజనేయరాజు గారు రాగం విస్తరించి జనాన్ని ఊపేసేవారు. కళ్యాణం రఘురామయ్య గారైతే పద్యం మధ్యలో ఈల వేసి రాగం పలికించేవారు, అందుకే ఈలపాట రఘురామయ్య అయ్యారు. 1975లో పద్మశ్రీ వచ్చింది. దుర్యోధనుడంటే మాధవపెద్ది వెంకట్రామయ్య గారు. ఆడ పాత్రలకి స్థానం నరసింహారావు గారు, 1956లోనే పద్మశ్రీ. వీళ్ళ పేర్లు మనకి ఎలా తెలిశాయి? పోస్టర్లు, కరపత్రాలు, గ్రామఫోన్ రికార్డులు. ప్రతి దాని మీదా పేరు ఉంది.

ఇప్పుడు పోస్టర్ కింది భాగానికి రండి. ఇక్కడే ఎవరూ చూడని పేర్లు ఉంటాయి. నక్షత్రకుడు, కాలకౌశికుడు, వీరబాహుడు. లోహితాస్యుడు మాత్రం చాలాసార్లు ఆ ఊరి పిల్లాడే. ఇంకా కిందకి వస్తే హార్మోనియం, తబలా, ఇప్పుడైతే కీబోర్డు, ప్యాడ్స్. చివర్లో మేకప్, డ్రెస్సులు, కాంట్రాక్టర్ సెల్ నంబరు.

హార్మోనిస్టు దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. ఒకటో కృష్ణుడి శృతి నాలుగు అనుకోండి. రెండో కృష్ణుడిది ఐదున్నర అనుకోండి. సీను మారగానే శృతి మార్చాలి. రిహార్సల్ లేదు కాబట్టి నటుడు ఏ రాగం ఎత్తుకుంటాడో అక్కడికక్కడే పట్టుకోవాలి. జనం "వన్స్ మోర్" అంటే నటుడు అదే పద్యాన్ని ఇంకో రాగంలో ఎత్తుకోవచ్చు, దానికీ రెడీగా ఉండాలి. ముగ్గురు కృష్ణులు మారినా తెల్లవార్లూ కుర్చీ దిగనిది ఈయన ఒక్కడే.

ఈ కింది పేర్లే ఇప్పుడు ప్రమాదంలో ఉన్నాయి. కారణాలు మూడు చెప్తాను.

మొదటిది, మొత్తం నాటకం తగ్గి సీన్లు మిగిలాయి. కమిటీ అడిగేది కూడా అదే: పడక సీను ఒకటి, గయోపాఖ్యానంలో యుద్ధం సీను ఒకటి, కాటి సీను ఒకటి. మూడు నాటకాల్లోంచి మూడు ముక్కలు. పెద్ద గొంతులకి పని ఉంటుంది. చిన్న పాత్రల వాళ్ళకి, కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఉండదు. మూడో కృష్ణుడిగా మొదలుపెట్టి ఒకటో కృష్ణుడయ్యే దారి మూసుకుపోతోంది. దీనికి పూర్తిగా వ్యతిరేకం సురభి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన కుటుంబ నాటక సంస్థ. అక్కడ మొత్తం నాటకం, సెట్టింగులు, ఒక పాత్రకి ఒకరే. పిల్లలు చిన్న వేషంతో మొదలుపెట్టి పెద్ద వేషానికి వస్తారు. నేర్పే దారి ఉంది కాబట్టే ఇన్ని తరాలు నిలిచింది.

రెండోది చింతామణి. కాళ్ళకూరి నారాయణరావు గారి నాటకం. వేశ్యా వ్యసనం ఇళ్ళని ఎలా కూలుస్తుందో చెప్పడానికి రాశారు. స్టేజీ మీద ఆడగా ఆడగా సుబ్బిశెట్టి పాత్ర చుట్టూ బూతు హాస్యం పెరిగింది. ఆర్యవైశ్యులు తమని అవమానిస్తున్నారని చాలా ఏళ్ళు అభ్యంతరం చెప్పారు. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రదర్శన నిషేధించింది, విషయం హైకోర్టుకీ వెళ్ళింది. వాళ్ళ బాధ నిజమే. ఒక కులాన్ని రాత్రంతా ఎగతాళి చేస్తుంటే ఎవరు కూర్చుంటారు? ఇంకో వైపు, భవానీశంకరం, శ్రీహరి వేషాలతోనే బతికిన నటులు ఉన్నారు. వాళ్ళకి పాత్ర వచ్చు, ఆడడానికి స్టేజీ లేకుండా పోయింది. ఆ నిషేధం మన రాష్ట్రం వరకే, గరికపాడు చెక్‌పోస్ట్ దాటితే తెలంగాణ. ఒక నటుడి బతుకుతెరువు చెక్‌పోస్ట్‌కి ఇవతల ఒకలా, అవతల ఒకలా ఉండే పరిస్థితిని మన జగ్గయ్యపేట వాళ్ళు కళ్ళ ముందే చూశారు.

మూడోది మన చేతుల్లోనే ఉంది, ఈ ఎపిసోడ్ చేసింది దానికోసమే. యూట్యూబ్‌లో "హరిశ్చంద్ర కాటి సీను" అని కొట్టండి. బోలెడన్ని వీడియోలు. చాలావాటి కింద ఏముంటుంది? "సూపర్ పద్యాలు" అని టైటిల్, కింద సబ్‌స్క్రైబ్ లింకు. హరిశ్చంద్రుడు ఎవరో లేదు. హార్మోనియం ఎవరో అసలే లేదు. కామెంట్లలో ఎవరో "ఈయన పేరేంటి బ్రదర్?" అని అడుగుతారు, జవాబు ఉండదు. పది రూపాయల కాగితం మీద, అక్షరం కూడా సరిగా పడని పోస్టర్ మీద మేకప్ మనిషి పేరు కూడా ఉంది. హెచ్‌డీ వీడియోకి హీరో పేరు కూడా లేదు.

ఇది మర్యాద ఒక్కటే కాదు, డబ్బు విషయం కూడా. కాంట్రాక్టు నాటకంలో నటుడికి వచ్చే ఏడాది పిలుపు వచ్చేది పేరుని బట్టే. "పోయినేడు కాటి సీను పాడినాయన్ని పిలవండి" అని కమిటీ అడగాలంటే ఆయనెవరో తెలియాలి కదా. వీడియోకి లక్ష వ్యూస్ వచ్చి పేరు లేకపోతే, ఆ లక్ష మందిలో ఒక్కరు కూడా ఆయనకి ఫోన్ చేయలేరు.

కాబట్టి ఈ సీజన్‌కి మూడు పనులు. పెద్ద కష్టమైనవి కావు.

ఒకటి, పోస్టర్ కనిపిస్తే ఫొటో తీయండి. మీరు ఏ క్లిప్ పెట్టినా, స్టేటస్ అయినా రీల్ అయినా, నటుడి పేరు, హార్మోనిస్టు పేరు, ఊరు, తేదీ రాయండి. నంబరు మాత్రం వాళ్ళని అడిగాకే పెట్టండి. అప్‌లోడ్ చేయడానికి కూడా వాళ్ళని ఒక మాట అడగండి.

రెండు, చవితి కమిటీల్లో, నవమి కమిటీల్లో ఇప్పుడు ఉన్నది మీ వయసు వాళ్ళే. డీజేకి బడ్జెట్ వేసేటప్పుడు ఒక రాత్రి నాటకానికి ఉంచండి. కాంట్రాక్టర్‌తో మాట్లాడేటప్పుడు ఒక్క షరతు పెట్టండి: ముగ్గురు కృష్ణుల్లో ఒకరు మన చుట్టుపక్కల ఊళ్ళ నుంచి, ముప్పై ఏళ్ళ లోపు వాళ్ళు ఉండాలి అని. ఆడపిల్ల అయినా సరే. ఒకప్పుడు సత్యభామగా స్థానం వారిని ఒప్పుకున్న జనం, కృష్ణుడిగా ఒక అమ్మాయిని ఒప్పుకోరా?

మూడు, వెళ్ళి కూర్చోండి. పద్యం అర్థం కాకపోతే పక్కన కూర్చున్న తాతయ్యని అడగండి. ఆయన చెప్తాడు, అడక్కపోయినా చెప్తాడు. కానీ ఒకటో కృష్ణుణ్ణి చూసి లేచి వచ్చేయకండి. రెండో కృష్ణుడు వచ్చేసరికి సగం కుర్చీలు ఖాళీ అయితే, మూడో కృష్ణుడు వచ్చే ఏడు ఈ పని మానేస్తాడు.

మీ ఊళ్ళో ఈ సీజన్ నాటకం ఏది, ఒకటో కృష్ణుడు ఎవరు, హార్మోనియం ఎవరు? కింద కామెంట్లో రాయండి. వచ్చిన పేర్లన్నీ సరిచూసుకుని, ఏ ఊళ్ళో ఏ రాత్రి ఎవరు ఆడుతున్నారో ఒక లిస్టు చేసి పిన్ చేస్తాను. ఉంటాను మరి, బై.