జూలైలో చెప్పాల్సిన మాట

శనివారం పొద్దున్నే పిల్లల్ని ఈత క్లాసులోనో కూచిపూడి క్లాసులోనో దింపి, కారులో కూర్చుని ఈ కార్యక్రమం వినేవాళ్ళు చాలామంది ఉన్నారని తెలుసు. నేనూ ఏళ్ళ తరబడి అలా విన్నదాన్నే. ఇవాళ నన్ను మాట్లాడమన్నారు. విషయం మిడ్ ఇయర్ రివ్యూ. సెలవు రోజున కూడా ఆఫీసు గొడవేనా అని విసుక్కోకండి, కాసేపు ఓపిక పట్టండి.

జూన్ చివర నుంచి జూలై చివర దాకా మన ఇళ్ళలో ఊపిరి సలపదు. పిల్లలకు బడి ఉండదు. ఇండియా నుంచి అమ్మావాళ్ళో అత్తయ్యావాళ్ళో వచ్చి ఉంటారు. జూలై నాలుగు దగ్గర తానా సభలో, ఆటా సభలో ఉంటాయి. ఆ హడావుడిలోనే ఆఫీసు నుంచి ఈమెయిల్ వస్తుంది, ఫలానా తేదీలోగా ఫారం నింపమని. మనవాళ్ళు చాలామంది దాన్ని గడువు రోజు రాత్రి పదకొండింటికి, అందరూ పడుకున్నాక, నాలుగు ముక్కలు రాసి పంపేస్తారు. నేనూ అలాగే పంపేదాన్ని. దానివల్ల ఏం పోయిందో చెప్పడానికే వచ్చాను.

నేను 2003లో న్యూజెర్సీలో ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో డేటాబేస్ విభాగంలో చేరాను. 2011 మే నెలలో, మెమోరియల్ డే వారాంతంలో, క్లెయిముల డేటాబేస్ మొత్తాన్ని పాత సర్వర్ల నుంచి కొత్తవాటికి మార్చే పని నాకు అప్పజెప్పారు. నాలుగు నెలల తయారీ, మూడు రిహార్సళ్ళు. శుక్రవారం రాత్రి మొదలుపెట్టి సోమవారం తెల్లవారేదాకా, ఇంటినుంచి తెచ్చుకున్న పులిహోరతో గడిపాను. మంగళవారం పొద్దున జనం వచ్చి, కంప్యూటర్లు తెరిచి, ఎప్పటిలాగే పని చేసుకున్నారు. ఏదో మారిందని కూడా ఎవరికీ తెలియలేదు. నా వృత్తిలో అంతకంటే గొప్ప ఫలితం లేదండీ.

జూలైలో ఫారంలో ఏం రాశానో తెలుసా? "డేటాబేస్ మైగ్రేషన్ పూర్తయింది." అంతే. మా మేనేజరు అరగంట కేటాయించి, పది నిమిషాల్లో ముగించాడు. "అంతా బాగుంది, ఇలాగే చెయ్యి" అన్నాడు. మిగతా టైమంతా కొత్తగా కొన్న పడవ గురించి చెప్పాడు. నేను ఇంటికొచ్చి, ఈసారి ప్రమోషన్ ఖాయం అని మావారితో అన్నాను.

డిసెంబరులో వచ్చింది "మీట్స్ ఎక్స్‌పెక్టేషన్స్". పాసయ్యావు, వెళ్ళి పని చూసుకో అని అర్థం. ప్రమోషన్ నేను పని నేర్పిన కుర్రాడికి వచ్చింది. ఆగస్టులో అతను చూసుకునే సర్వరు కూలిపోతే రెండు రాత్రులు కూర్చుని బాగుచేశాడు. పైవాళ్ళు అందరికీ ఈమెయిల్ పెట్టి మెచ్చుకున్నారు. అతను కష్టపడలేదని అనను. కానీ చెరువు కట్ట తెగకుండా కాపలా కాసినవాణ్ణి ఊరు చూడదు. తెగాక ఇసుక బస్తాలు మోసినవాణ్ణి చూస్తుంది. మనవాళ్ళలో చాలామంది చేసేది కట్ట కాపలా పనే.

జనవరిలో ధైర్యం చేసి మేనేజరును అడిగాను. ఆయన దాచకుండా చెప్పాడు. "ఆ మీటింగులో ఒక్కొక్కరి గురించి నాకు రెండు నిమిషాలు దొరికాయి. నీ గురించి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆ మైగ్రేషన్ ఎంత పెద్ద పనో నాకే సరిగ్గా తెలియదు."

ఆ మీటింగును కాలిబ్రేషన్ అంటారు. పెద్ద కంపెనీల్లో మేనేజర్లంతా ఒక గదిలో కూర్చుని, ఎవరి మనుషుల గురించి వాళ్ళు చెప్పి, రేటింగులు ఖాయం చేస్తారు. జాక్ వెల్చ్ కాలంలో జనరల్ ఎలక్ట్రిక్‌లో ప్రతి ఏడాదీ మనుషుల్ని పైన 20 శాతం, మధ్యన 70, కింద 10 అని విడదీసేవారు. చాలా కంపెనీలు ఆ దారి పట్టాయి. 2012లో అడోబీ ఏడాది రివ్యూలే మానేసింది, మైక్రోసాఫ్ట్ 2013 నవంబరులో ఆ ర్యాంకుల పద్ధతి వదిలేసింది. కానీ పేరు ఏదైనా, బోనసుకు పెట్టిన డబ్బు ఇంతేనని లెక్క ఉన్నంతకాలం ఏదో ఒక గదిలో బేరం తప్పదు. ఆ గదిలో మనం ఉండం. మన తరఫున మాట్లాడే మనిషి చేతిలో ఏం పెట్టామన్నదే ప్రశ్న. డిసెంబరులో పెడితే లాభం లేదు, అప్పటికి గది తలుపులు మూసేసి ఉంటాయి.

మనకు ఇది ఎందుకు కష్టమంటే, చిన్నప్పటి నుంచి మన గురించి మనం చెప్పుకోకూడదని పెంచారు. కర్ణపర్వంలో కథ గుర్తుందా? గాండీవాన్ని ఇంకొకరికి ఇచ్చేయమని ధర్మరాజు అన్నాడు. ఆ మాట అన్నవాణ్ణి చంపుతానని అర్జునుడికి ప్రతిజ్ఞ ఉంది. పెద్దవాణ్ణి తూలనాడితే చంపినట్టేనని కృష్ణుడు ఉపాయం చెప్పాడు. అన్నను అన్ని మాటలన్నందుకు అర్జునుడు కత్తి దూసి తనను తాను చంపుకోబోతే, నిన్ను నువ్వు పొగుడుకో, అది ఆత్మహత్యతో సమానం అన్నాడు. ఈ కథ మా తాతగారు ఎన్నిసార్లు చెప్పారో! అలా పెరిగినవాళ్ళం ఫారంలో "నేను సాధించినవి" అన్న శీర్షిక కింద ఏం రాస్తాం? మా తాతగారిని నేను తప్పు పట్టను. కానీ చేసిన పనికి లెక్క చెప్పడం వేరు, పొగుడుకోవడం వేరు. ఆ తేడా తెలుసుకోవడానికి నాకు ఎనిమిదేళ్ళు పట్టింది.

మాటలో కూడా ఒక చిక్కుంది. మనం "మేం చేశాం" అంటాం. పదిమందితో కలిసి చేసినప్పుడు "నేను" అనడానికి నోరు రాదు. మన చెవికి అది మర్యాద. ఇక్కడి మేనేజరుకు మాత్రం, టీము చేసింది, ఇతను పక్కన ఉన్నాడు అని వినిపిస్తుంది. "పదకొండు మంది కలిసి చేశాం, అందులో వెనక్కి తిరిగే ప్లాను తయారుచేసింది నేను" అంటే అబద్ధమూ కాదు, గొప్పా కాదు.

ఇప్పుడు చెప్పేది కాస్త కష్టమైన సంగతి. 2017లో నేనే మేనేజర్ని అయ్యాను. నా టీములో ఒక తెలుగబ్బాయి ఉండేవాడు, హెచ్-1బి మీద. బయట కనిపిస్తే "అక్కా" అనేవాడు, ఆఫీసులో పేరు పెట్టి పిలవాల్సి వస్తే నీళ్ళు నమిలేవాడు. 2019 జూలైలో అతని ఫారం వచ్చింది, అచ్చం 2011లో నేను రాసినట్టే. మాట్లాడదామని కూర్చుంటే "అంతా బాగుందండీ" అన్నాడు. ఆ వారం నాకు ఇంకో ఎనిమిది మందితో మీటింగులు. నేనూ "బాగుంది, ఇలాగే కానీ" అనేశాను. ఎవరి మాట నా నోట వచ్చిందో గమనించారా?

నవంబరులో ఆ గదిలో నేను కూర్చున్నాను. పక్క మేనేజరు తన మనుషుల గురించి రెండేసి పేజీలు తెచ్చుకుంది. ఈ అబ్బాయి పేరు వచ్చినప్పుడు నేను "చాలా నమ్మకమైన మనిషి, కష్టపడతాడు" అన్నాను. ఆ పైన నాకు మాట దొరకలేదు. అరనిమిషంలో పేరు దాటిపోయింది. 2020 వసంతంలో కంపెనీ మనుషుల్ని తగ్గించినప్పుడు, వెనకటి ఏడాది రేటింగులు చూసి జాబితా వేశారు. అందులో అతని పేరుంది. ఉద్యోగం పోయిన హెచ్-1బి వాళ్ళకు గరిష్ఠంగా 60 రోజుల గడువు, 2017 జనవరి నుంచి ఉన్న నియమం. చిన్నపిల్ల, అపార్ట్‌మెంటు లీజు, బయట కోవిడ్. ఏడో వారంలో వేరే రాష్ట్రంలో ఉద్యోగం దొరికింది. మా దగ్గర అతని గ్రీన్‌కార్డు పనికి పర్మ్ కూడా దాఖలు కాలేదు, అక్కడ మొదటినుంచి మొదలుపెట్టుకున్నాడు. అతను చెప్పలేదు, నిజమే. అడగాల్సింది నేను.

అందుకని ఇప్పుడు నా టీము చేత ఒక పని చేయిస్తున్నాను, నేనూ చేస్తున్నాను. ప్రతి శుక్రవారం మూడు వాక్యాలు రాసుకోవడం. ఈ వారం ఏం చేశాను, అది చేయకపోతే ఏం అయ్యేది, దానివల్ల పని తేలికైంది ఎవరికి. రెండోది ముఖ్యం, కట్ట కాపలావాళ్ళకు మరీను. "మైగ్రేషన్ పూర్తయింది" అనే బదులు, "పాత సర్వర్లకు తయారీదారు మద్దతు ఆగిపోబోతోంది, ఒక్క గంట కూడా పని ఆగకుండా మూడు రోజుల్లో మార్చాను" అని రాసి ఉంటే నా మేనేజరుకు అది చాలేది. ఆర్నెల్లకు పాతిక శుక్రవారాలు. ఫారం దానంతట అదే తయారవుతుంది. ఈమధ్య కొందరు చాట్‌జీపీటీ చేత రాయించి పంపుతున్నారు. నాకు ఒకే వారంలో మూడు ఫారాలు ఒకే పోలికలో వచ్చాయి. భాష దిద్దించుకోండి, తప్పులేదు. ఏం జరిగిందో మాత్రం మీరే చెప్పాలి.

మీటింగులో మేనేజరు "బాగుంది" అంటే అక్కడితో లేచి రాకండి. "పై హోదాకు నా పేరు పెట్టాలంటే ఇప్పుడు ఏం తక్కువ ఉంది?" అని అడగండి. ఇంకొకటి, "నా పని గురించి మీరు కాక ఇంకెవరికి తెలిసి ఉండాలి?" జవాబు నచ్చకపోవచ్చు. కానీ జూలైలో తెలిస్తే ఇంకా నాలుగు నెలలు ఉంటాయి. మేనేజరు మారితే ఇదంతా మళ్ళీ మొదటినుంచి, దానికి మందు లేదు.

అన్ని కంపెనీలకూ సగం ఏడాది జూలైలోనే రాదు. మైక్రోసాఫ్ట్ లెక్కల సంవత్సరం జూన్ 30తో ముగుస్తుంది, ఇండియా కంపెనీల తరఫున వచ్చినవాళ్ళకు ఏప్రిల్ నుంచి మార్చి. మీది ఎప్పుడో కనుక్కోండి.

చాలామంది ఆడిగే సందేహం ఒకటుంది. ప్రమోషన్ వస్తే గ్రీన్‌కార్డు ఫైలు పాడవుతుందేమోనని నోరు మూసుకుని కూర్చునేవాళ్ళను చూశాను. భయం ఉత్తదేం కాదు. పర్మ్ ఒక ఫలానా ఉద్యోగానికి, ఆ పనులకు ఇచ్చేది. పని పూర్తిగా మారిపోతే పర్మ్, ఐ-140 మళ్ళీ చేయాల్సి రావచ్చు. కానీ ఐ-140 ఆమోదమైతే సాధారణంగా పాత ప్రయారిటీ డేటు మీతోనే వస్తుంది. ఐ-485 వేసి 180 రోజులు దాటితే, అదే తరహా ఉద్యోగానికి మారే వీలుంది. హోదా పేరు మారినంత మాత్రాన పని మారినట్టు కాదు. మీ ఫైలు సంగతి లాయరునే అడగండి, భోజనాల దగ్గర పక్కవాళ్ళను కాదు. అడగకుండా పదేళ్ళు ఒకే కుర్చీలో కూర్చున్నవాళ్ళు మా కాలనీలోనే ఇద్దరున్నారు.

ఆ అబ్బాయి అప్పుడప్పుడు ఫోన్ చేస్తాడు. ఇప్పుడు అతని కింద నలుగురు పనిచేస్తున్నారు. పోయిన జూలైలో ఫోన్ చేసి, "అక్కా, మావాడొకడు 'అంతా బాగుంది' అంటున్నాడు, ఏం చేయమంటావు?" అన్నాడు. గంటసేపు కూర్చోబెట్టమన్నాను.

నా ఫారం గడువు వచ్చే బుధవారం. ఇంకా తెరవలేదు, మా అత్తగారూ మామగారూ నిన్ననే దిగారు. ఇవాళ రాత్రికి కూర్చుంటాను.