ఆపరేషన్ అయిన బిడ్డ ఇల్లు చేరాక



2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ వచ్చినది మొదలు, గుండెలో రంధ్రంతో పుట్టిన పేదపిల్లలు ఎందరో ఆపరేషన్ చేయించుకొని ఇళ్ళు చేరుతున్నారు. తల్లిదండ్రులకు అసలు పరీక్ష ఆ తరువాతనే అని తనిఖీకి వెళ్ళిన ఊళ్ళలో మేము గమనించాము.

కోసిన రొమ్ము ఎముక అతకడానికి సాధారణంగా 6 నుండి 8 వారాలు పడుతుంది. అంతవరకు బిడ్డను చంకల క్రింద పట్టి ఎత్తరాదు. ఒక చేయి మెడ వెనుక, మరొక చేయి పిరుదుల క్రింద ఉంచి ఎత్తాలి. మందుల వేళ తప్పరాదు. జ్వరం, ఆయాసం, గాయంలో చీము కనిపిస్తే రేపు చూద్దామనక ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

ఇది బిడ్డ సంగతి. మరి తల్లి సంగతి? రాత్రంతా బిడ్డ ఊపిరి కనిపెట్టుకొని కూర్చున్న మనిషి తెల్లవారుజామున పాలు పిండి కేంద్రానికి రావాలి. రాకుంటే బిల్లు తగ్గుతుంది. పట్నానికి చూపించుకోను వెళ్ళే బస్సు చార్జీ ఆ బిల్లులోదే. నిద్ర లేకపోతే మందు వేళ గుర్తుండదు. కనుక రాత్రి కాపలాలో సగం తండ్రిది కావాలి.

మిగిలినది సంఘానిది. ఇరుగుపొరుగు వంతుల ప్రకారం గడ్డి వేసి, పాలు పిండి, ఆమె పేరుననే పోయాలి. కొత్త చేతికి గేదె వెంటనే చేపదు గనుక, ఆపరేషన్ తేదీ తెలిసిన నాటినుండే అలవాటు చేయాలి. దగ్గు, జలుబు ఉన్నవారు పరామర్శకు వెళ్ళరాదు.

మీ ఊళ్ళో అట్టి ఇల్లు ఉంటే, వచ్చే పాలకవర్గ సమావేశంలోనే ఈ వంతులు వ్రాసుకోవలసిందిగా కోరుతున్నాము.