ప్రోగ్రాంకు ఇచ్చిన స్వేచ్ఛ పుస్తకానికీ ఇద్దాం



మన సభల్లో సాఫ్ట్‌వేర్ మాట ఎత్తితే వీసాల గురించో, ఉద్యోగాల గురించో అనుకుంటారు. నేను చెప్పబోయేది పైసా రాని పని గురించి. తీరిక దొరికినప్పుడు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు, దానికి మాన్యువల్ రాసేవాళ్లు, ఆ మాన్యువల్‌ను తెలుగు చేసేవాళ్లు మనలో ఉన్నారు. ప్రోగ్రాం లైసెన్సు గురించి రాత్రి తెల్లవార్లూ వాదించే మనం మాన్యువల్ దగ్గరికి వచ్చేసరికి, "ఊరికే రాసిందే కదా, ఎవరైనా వాడుకోవచ్చు" అని వదిలేస్తాం. చట్టం అలా అనుకోదు. నేను లాయర్ని కాను. తోటి ఇంజనీరుగా నాలుగు మాటలు చెబుతాను.

కాపీరైటు దరఖాస్తు పెడితే వచ్చేది కాదు. రాసిన క్షణంలోనే పుడుతుంది. బెర్న్ ఒప్పందంలో చేరిన దేశాలన్నిటా ఇదే పద్ధతి. అమెరికాలో ఆ ఒప్పందం 1989 మార్చి 1న అమలులోకి వచ్చింది. రచయిత పోయాక కూడా ఆ హక్కు ఇండియాలో 60 ఏళ్లు, అమెరికాలో సాధారణంగా 70 ఏళ్లు ఉంటుంది. కనుక లైసెన్సు రాయని మాన్యువల్‌ను అచ్చు వేయాలన్నా, తెలుగు చేయాలన్నా రాసినవారిని అడగాల్సిందే. పదిమంది కలిసి రాస్తే పదిమందినీ అడగాలి. కొన్నేళ్లు గడిచాక వాళ్లలో సగం మంది ఈమెయిల్ అడ్రసులు పనిచేయవు.

ఉద్యోగంలో భాగంగా రాసినదానికి అమెరికాలోనూ, ఇండియాలోనూ సాధారణంగా యజమానే హక్కుదారు. అందుచేత ఆఫీసు పనికి దగ్గరగా ఉన్న విషయం మీద రాసేముందు మీ ఉద్యోగ ఒప్పందం ఒకసారి చదవండి. అవసరమైతే కంపెనీ అనుమతి కాగితం మీద తీసుకోండి.

ఇక లైసెన్సు ఉన్నా చిక్కులు రావచ్చు. మాన్యువళ్ల కోసమే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ 2000లో జీఎఫ్‌డీఎల్ అనే లైసెన్సు తెచ్చింది. అందులో కొన్ని భాగాలను "మార్చరాని భాగాలు"గా ప్రకటించే వీలుంది. ఈమాక్స్ మాన్యువల్‌లో గ్నూ మేనిఫెస్టో అలాంటి భాగమే. మార్చడానికి వీల్లేనిదాన్ని స్వేచ్ఛ అని ఎలా అంటామని డెబియన్ వాళ్లు వాదించారు. 2006లో ఓటు వేసి, అలాంటి భాగాలు లేని పుస్తకాలకే తమ ప్రధాన విభాగంలో చోటిచ్చారు. దాంతో ఈమాక్స్ ప్రోగ్రాం ఇంట్లో, దాని మాన్యువల్ వసారాలో ఉండిపోయాయి.

అనువాదకులకు ఇది మరీ ముఖ్యం. ఆ మాన్యువల్‌ను తెలుగు చేయవచ్చు. కానీ మార్చరాని భాగాలను తీసేసి వాటి స్థానంలో తెలుగు పెట్టాలంటే హక్కుదారుల ప్రత్యేక అనుమతి కావాలి. లేకపోతే ఇంగ్లీషు మూలాన్ని ఉంచి, పక్కన తెలుగు చేర్చుకోవాలి. అలాగే జీఎఫ్‌డీఎల్ మాన్యువల్‌లోని పేరాను జీపీఎల్ ప్రోగ్రాంలో సహాయ సందేశంగా పెట్టుకోవాలంటే ఆ రెండు లైసెన్సులూ పొసగవు. హక్కుదారు ఒప్పుకుంటేనే కుదురుతుంది.

వికీపీడియా సంగతి చూడండి. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. అప్పుడు వ్యాసాలన్నీ జీఎఫ్‌డీఎల్ కిందే ఉండేవి. ఒక్క పేజీ వ్యాసం అచ్చు వేసి పంచినా దానికి లైసెన్సు పాఠం మొత్తం జతచేయాలి. పిల్లి కంటే బరువైన గంట కట్టినట్టు! మార్చుదామంటే ప్రపంచమంతా ఉన్న రచయితలను ఎవరు వెతికి పట్టుకుంటారు? "ఈ కూర్పు లేదా దీని తర్వాతి కూర్పు" అని మొదట్లోనే రాసి ఉండటం వల్ల దారి దొరికింది. 2008 నవంబరులో వచ్చిన 1.3 కూర్పు వికీలు లైసెన్సు మార్చుకోవడానికి గడువు పెట్టి వీలు కల్పించింది. సభ్యులు ఓటు వేశారు. 2009 జూన్‌లో వికీపీడియా క్రియేటివ్ కామన్స్ బై-ఎస్‌ఏ లైసెన్సుకు మారింది. ముందుచూపుతో రాసిన ఆ ఒక్క వాక్యం లేకపోతే లక్షల వ్యాసాలు అక్కడే చిక్కుకుపోయేవి.

కాబట్టి నా మనవి ఇది. మాన్యువల్ మొదలుపెట్టిన రోజే లైసెన్సు రాయండి. ఎవరు ఏ భాగం రాశారో, ఏ లైసెన్సుకు ఒప్పుకున్నారో నమోదు చేయండి. వీలైతే ప్రోగ్రాంకు ఉన్న లైసెన్సే పెట్టండి. లేదా బై-ఎస్‌ఏ 4.0 వాడండి. 2015 నుంచి దాన్ని జీపీఎల్ మూడో కూర్పులోకి తీసుకోవచ్చు. అటునుంచి ఇటు మాత్రం కుదరదు. మార్చరాని భాగాలు వద్దు. "వ్యాపారానికి వాడరాదు" అనే షరతు పెట్టాలని చాలామందికి అనిపిస్తుంది. విజయవాడలో ఒక చిన్న ప్రెస్సు ఆ పుస్తకం అచ్చు వేసి, కాగితం ఖర్చు మీద పది రూపాయలు వేసుకుని అమ్మినా అది వ్యాపారమే. ఆ షరతుతో మనం ఆపేది పెద్ద కంపెనీని కాదు, తెలుగు మీడియం పిల్లవాడి చేతికి చేరాల్సిన పుస్తకాన్ని.

ఈ మాట మన సావనీరుకూ వర్తిస్తుంది. రేపు మన పిల్లలు ఈ వ్యాసాలను భద్రపరచాలనుకుంటే ఎవరిని అడగాలో ఇవాళే రాసిపెడదాం. మంచి మనసుతో ఇచ్చినదానికి ఒక్క వాక్యం అనుమతి కూడా తోడిస్తే, మనం లేనప్పుడు కూడా అది పదిమందికీ పనికొస్తుంది.